మాయా శిథిలాలు చూడబోతున్నారా? ఏ సమాచారం ఎక్కడ వెతకాలి, ఎవరి మాట నమ్మాలి

మెక్సికోలోని చిచెన్ ఇట్జా ప్రాచీన మాయా ప్రజలు కట్టిన నగరం. అక్కడ ఒక పెద్ద బంతి ఆట మైదానం ఉంది. పొడవు 168 మీటర్లు, వెడల్పు 70. రెండు పక్కలా ఎత్తైన గోడలు, వాటి అడుగున రాతి చెక్కడాలు. మొదటిసారి వెళ్లినప్పుడు ఆ గోడ ముందు పది నిమిషాలు నిలబడి ఫొటోలు తీసుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి చూసుకుంటే వాటిలో ఏముందో నాకే అర్థం కాలేదు. రెండేళ్ల తర్వాత అమ్మానాన్నలను తీసుకెళ్లినప్పుడు గేటు దగ్గర ఒక గైడుని మాట్లాడుకున్నాం. ఆయన అదే గోడ ముందు ఆగి, తాడుకి ఇవతలే నిలబడి, వేలితో గాలిలో గీత గీస్తూ చూపించాడు. "ఇదిగో, ఇది మోకాలు. పైన భుజం. మెడ మీద తల లేదు చూడండి. మెడలోంచి చిమ్మిన రక్తం ఏమైందో చూడండి." రక్తపు ధారలు పాములై లేస్తున్నాయి. ఒక్క ధార మాత్రం పూల తీగై రాయంతా అల్లుకుంది. మా నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "అమ్మో, ఇంతసేపూ ఇది మన ఎదురుగానే ఉందా" అన్నారు.

అప్పటి నుంచి ఎవరైనా "మాయా పిరమిడ్లు చూడాలనుకుంటున్నాం, ఏం చదవాలి, ఏ టూర్ తీసుకోవాలి" అని అడిగితే ముందు ఈ మాట చెప్తున్నాను. మీకు కావాల్సిన సమాచారం రెండు రకాలు. టికెట్ ధర, తెరిచే వేళలు, ఏ గుడి మెట్లు ఎక్కనిస్తున్నారు, బస్సు ఎన్నింటికి లాంటివి రేపటికి మారిపోవచ్చు. వాటికి ఎంత తాజా కబురైతే అంత మంచిది. ఆ రాయి ఎవరు చెక్కారు, ఎందుకు చెక్కారు, దాని మీది రాతలో ఏముంది అన్నది వేరే సంగతి. దానికి ఏళ్ల తరబడి ఆ పనిలోనే ఉన్నవాళ్ల మాట కావాలి. చాలామంది టికెట్ ధర పాత పుస్తకంలో చూసుకుంటారు, చరిత్ర మాత్రం యూట్యూబ్‌లో వింటారు. రెండు చోట్లా దెబ్బతింటారు.

ఇంకో చిక్కుంది. మాయా నగరాలు ఒక్క దేశంలో లేవు. మెక్సికో దక్షిణ, ఆగ్నేయ రాష్ట్రాల్లో, గ్వాటెమాలాలో, బెలీజ్‌లో, హోండురాస్, ఎల్ సాల్వడార్‌ల పడమటి భాగాల్లో విస్తరించి ఉన్నాయి. అందుకే అన్నిటికీ సరిపోయే ఒక్క పుస్తకమో, ఒక్క యాప్పో లేదు. దేనికి ఏది పనికొస్తుందో విడివిడిగా చూసుకోవాల్సిందే.

టికెట్టు, టైమింగ్స్: ప్రభుత్వ సైటా, గూగుల్ మ్యాప్సా?

మెక్సికోలో పురావస్తు స్థలాలు చూసుకునేది ఐ.ఎన్.ఎ.హెచ్. అనే జాతీయ సంస్థ. మన ఆర్కియలాజికల్ సర్వే లాంటిది. అక్కడివాళ్లు దాన్ని "ఇనా" అని పిలుస్తారు. దాని వెబ్‌సైట్‌లో ఒక్కో స్థలానికీ ఒక్కో పేజీ ఉంటుంది. స్పానిష్‌లో ఉంటుంది కానీ ఫోన్లో ట్రాన్స్‌లేట్ నొక్కితే సరిపోతుంది. ఏ రోజు మూసి ఉంటుంది, లోపలికి ఆఖరిగా ఎన్నింటికి పంపిస్తారు అన్న విషయాల్లో నేను ఈ పేజీనే నమ్ముతాను.

ధర దగ్గర మాత్రం ఈ ఒక్క పేజీ చూసి డబ్బు పట్టుకెళ్తే చాలదు. చిచెన్ ఇట్జాలో రుసుము రెండు ముక్కలుగా ఉంటుంది. ఒకటి కేంద్ర సంస్థది, రెండోది యూకతాన్ రాష్ట్రానిది. రాష్ట్రం వాటాయే పెద్దది. రెండూ కలిపితే విదేశీయులకు 600 పెసోలు దాటిపోతుంది. ఒక సైటులో ఒక ధర, ఇంకో సైటులో దానికంటే చాలా ఎక్కువ ధర కనిపించి "ఇదేదో మోసం" అని చాలామంది కంగారు పడేది ఇందుకే. మోసమేమీ లేదు, ఒకచోట ఒక ముక్కే రాశారు. ఉష్మాల్ అనే మరో మాయా నగరంలోనూ ఇదే పద్ధతి. ఆదివారాలు మెక్సికన్లకు ప్రవేశం ఉచితం కాబట్టి జనం ఎక్కువ. ఆ ఒక్కరోజు తప్పిస్తే మీకే హాయి.

గూగుల్ మ్యాప్స్ వేరే పనికి బాగుంటుంది. రివ్యూలను "సరికొత్తవి ముందు" అని పెట్టుకుని గత రెండు మూడు వారాలవి చదవండి. ఏ దారి మూసేశారు, ఏ గోపురానికి చుట్టూ పరంజా కట్టారు, కార్డు తీసుకుంటున్నారా నగదే అడుగుతున్నారా అన్నవి అక్కడే తెలుస్తాయి. స్టార్లు ఎన్నొచ్చాయో పట్టించుకోకండి. ఎండకి విసిగి ఒక స్టార్ ఇచ్చినవాళ్లు బోలెడంతమంది.

మెట్లు ఎక్కే సంగతి తాజా రివ్యూల్లోనే చూసుకోవాలి. చిచెన్ ఇట్జాలోని కుకుల్కాన్ పిరమిడ్ ఎక్కడం 2006 నుంచి నిషేధం. నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైన ఒక్కటి, మొత్తం 365. ఆ మెట్ల మీద కూర్చున్న పాత ఫొటోలు ఇప్పటికీ నెట్‌లో తిరుగుతుంటాయి. అవి చూసి పిల్లలకు ఆశపెట్టి తీసుకొస్తే గేటు దగ్గర ఏడుపులే. మిగతా చోట్ల నియమం ఏడాదికోసారి మారుతుంటుంది. ఎక్కి చూడాలన్నది మీకు ముఖ్యమైతే గ్వాటెమాలాలోని తికాల్‌ వైపు చూడండి. అక్కడ నాలుగో గుడి ఎత్తు దాదాపు 65 మీటర్లు. పక్కన కట్టిన చెక్క మెట్ల మీదుగా పైకి వెళ్తే కింద అడవి పచ్చటి సముద్రంలా ఉంటుంది. మిగతా గుళ్ల శిఖరాలు దాన్లోంచి తలలు బయటపెట్టి కనిపిస్తాయి. తికాల్‌లో సూర్యోదయం చూడాలంటే మామూలు టికెట్టుకి తోడు వేరే టికెట్టు తీసుకోవాలి.

ఇక గడియారం. కాన్‌కూన్ ఉన్న కింతానా రో రాష్ట్రానికీ, చిచెన్ ఇట్జా ఉన్న యూకతాన్‌కీ గంట తేడా. కాన్‌కూన్‌లో ఎనిమిదైతే చిచెన్ ఇట్జాలో ఇంకా ఏడే. వెళ్లేటప్పుడు ఈ గంట మీకు కలిసొస్తుంది. ఉదయం ఐదున్నరకు కాన్‌కూన్‌లో బయల్దేరితే రెండున్నర గంటల ప్రయాణం చేసినా గేటు తెరిచే ఎనిమిదికి ముందే చేరిపోతారు. వచ్చేటప్పుడు అదే గంట పోతుంది. సాయంత్రం విమానం ఉన్నవాళ్లు ఇది మర్చిపోతే టెన్షనే. ఫోన్ సమయం దానంతటదే మారుతుంది కానీ రాష్ట్రాల సరిహద్దులో సిగ్నల్ సరిగా ఉండదు, నమ్మకండి.

అడవి మధ్యలో ఉన్న స్థలాలకు వెళ్తుంటే మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. కలాక్‌ముల్‌కి హైవే దిగాక 60 కిలోమీటర్లు అడవి దారే. ఫోన్ పనిచేయదు, పెట్రోలు దొరకదు, దాహమేస్తే కొనుక్కోవడానికి కొట్టుండదు.

టూర్ బస్సు, సొంత కారు, మామూలు బస్సు, రైలు

నా మొదటి ప్రయాణం కాన్‌కూన్ హోటల్లో బుక్ చేసుకున్న టూర్ బస్సులో. ఉదయం ఏడింటికి ఎక్కించుకుని ఇంకో నాలుగు హోటళ్లు తిరిగారు. దారిలో ఒక పెద్ద దుకాణంలో ముప్పావు గంట ఆపారు, వెండి గొలుసులు, రాతి బొమ్మలు కొనమని. తర్వాత సెనోటేలో, అంటే సున్నపురాతి నేల కుంగి ఏర్పడిన నీటి గుంటలో ఈత, తర్వాత భోజనం. చిచెన్ ఇట్జా గేటు దాటేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. నడినెత్తిన సూర్యుడు. గంటంపావు తర్వాత బస్సు దగ్గర ఉండాలన్నారు. చూడాలని వచ్చిన చోట గడిపిన సమయం కంటే దుకాణం, భోజనం దగ్గర గడిపిందే ఎక్కువ. ఆ రోజు నేను పెట్టిన ఖర్చు గుర్తుకొస్తే ఇప్పటికీ బాధే.

అలాగని టూర్లన్నీ దండగ అనను. బుక్ చేసేముందు "స్థలంలో ఎంతసేపు ఉంటాం, ఎన్నింటికి లోపలికి వెళ్తాం" అని రాతపూర్వకంగా అడగండి. ఎనిమిదింటికే గేటు దగ్గర దింపే టూర్లు కూడా ఉన్నాయి. వాటిలో ఖర్చు కొంచెం ఎక్కువైనా ఫరవాలేదు. పది దాటాక జనం పెరుగుతారు, దారికి రెండు వైపులా బొమ్మల కొట్లు తెరుచుకుంటాయి, చిరుతపులి అరుపులాంటి శబ్దం చేసే ఈలలు ఎటు చూసినా మోగుతుంటాయి. ఎనిమిదింటికి ఇవేవీ ఉండవు. పిరమిడ్ మెట్లకెదురుగా నిలబడి చప్పట్లు కొడితే ఒక పక్షి కూతలాంటి ప్రతిధ్వని వస్తుంది. అది వినబడాలంటే ఆ నిశ్శబ్దం ఉండాలి.

నా ఓటు మాత్రం ముందురోజు రాత్రి దగ్గర్లోనే బస చేయడానికే. వయ్యడోలిడ్ ఊరు చిచెన్ ఇట్జాకి 45 కిలోమీటర్లలోపే. చక్కటి ఊరు, రంగు రంగుల ఇళ్లు, సాయంత్రం కూర్చోవడానికి మంచి పార్కు. ఇంకా దగ్గర కావాలంటే పిస్తే అనే పల్లె, అక్కడి నుంచి గేటు రెండు మూడు కిలోమీటర్లే. వయ్యడోలిడ్ నుంచి కొలెక్తీవోలు తిరుగుతాయి. అవి మన షేర్ ఆటోల పద్ధతే, వ్యాన్ నిండితే బయల్దేరుతుంది. కాన్‌కూన్, మెరిడాల నుంచి ఏ.డి.ఓ. బస్సులున్నాయి. ఏసీ, సీటు నంబరు అన్నీ పక్కాగా ఉంటాయి.

కారు అద్దెకు తీసుకుంటే ఉష్మాల్ లాంటి చోట్లకు మంచి వీలు. మెరిడా నుంచి సుమారు 80 కిలోమీటర్లు, రోడ్డు బాగుంటుంది. అయితే ఆన్‌లైన్‌లో కనిపించే చౌక ధరలో మెక్సికో చట్టం అడిగే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ చాలాసార్లు కలిసి ఉండదు. కౌంటర్ దగ్గరికి వెళ్లాక బిల్లు రెట్టింపవుతుంది. అమెరికా క్రెడిట్ కార్డు ఇచ్చే కవరేజి మామూలుగా ఈ థర్డ్ పార్టీకి వర్తించదు. బుక్ చేసేటప్పుడే ఇన్సూరెన్స్‌తో కలిపి మొత్తం ఎంతో చూసుకోండి. చీకటి పడ్డాక నడపొద్దు. ఊరు మొదట్లో, ఊరు చివర తోపెలు ఉంటాయి, అంటే స్పీడ్ బ్రేకర్లు. చాలావాటికి రంగు కూడా వేయరు.

మాయా రైలు 2023 డిసెంబరులో మొదలైంది, ఏడాదిలో మిగతా భాగాలూ తెరిచారు. కాన్‌కూన్, వయ్యడోలిడ్, మెరిడా, కంపేచే, పలెంకే అన్నీ ఆ దారిలోనే ఉన్నాయి. స్టేషన్లు చాలాచోట్ల ఊళ్లకు, శిథిలాలకు దూరంగా ఉంటాయి కాబట్టి దిగాక ఏ బండి దొరుకుతుందో ముందే చూసుకోవాలి. దూరప్రయాణానికి, ముఖ్యంగా పలెంకే వెళ్లడానికి ఇది బాగుంటుంది. ఒక్కరోజు చిచెన్ ఇట్జాకి మాత్రం బస్సే సుళువు.

కొన్నిచోట్ల టూరే సరైన దారి. పలెంకే నుంచి యాష్చిలాన్ శిథిలాలకు వెళ్లాలంటే రెండున్నర, మూడు గంటలు రోడ్డు మీద వెళ్లి, ఉసుమసింటా నదిలో మోటారు పడవ ఎక్కాలి. నదికి అవతలి ఒడ్డు గ్వాటెమాలా. అదే రోజు బోనాంపాక్ కూడా చూపిస్తారు. సుమారు క్రీ.శ. 790లో వేసిన గోడ చిత్రాలు మూడు గదుల నిండా ఉంటాయక్కడ, రంగులతో సహా. సొంతంగా పోతే పడవ మొత్తం మీరే కట్టుకోవాలి. ఆ ప్రాంతం భద్రత సంగతి కూడా వెళ్లే వారం తెలుసుకుని వెళ్లాలి. బెలీజ్‌లోని ఆక్తున్ తునిచిల్ ముక్నాల్ గుహకు లైసెన్సున్న గైడు లేకుండా పంపరు. 2012లో ఒక సందర్శకుడి కెమెరా జారి పడి, లోపలున్న పాతకాలపు మనిషి పుర్రె ఒకటి పగిలింది. అప్పటి నుంచి లోపలికి కెమెరా నిషేధం.

పుస్తకాలు: ముందు అచ్చయిన ఏడాది చూడండి

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే మాయా చరిత్ర మన కళ్ల ముందే మారిపోయింది.

20వ శతాబ్దం మధ్య వరకూ పెద్ద పెద్ద పండితులు మాయావాళ్లను నక్షత్రాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్న శాంతమూర్తులుగా చూశారు. రాతలో అక్కరకొచ్చే చరిత్ర ఏమీ లేదనుకున్నారు. 1952లో లెనిన్‌గ్రాడ్‌లో కూర్చుని యూరి క్నోరోజోవ్ అనే యువకుడు ఆ రాతలో అక్షరాల్లాంటి శబ్ద చిహ్నాలున్నాయని రాశాడు. అప్పటికి ఆయన ఒక్క మాయా గుడిని కూడా కళ్లారా చూడలేదు. 1960లో తాతియానా ప్రోస్కురియాకోఫ్ పియెద్రాస్ నేగ్రాస్ శిలల మీది తేదీలు రాజుల పుట్టుక, పట్టాభిషేకాలవి అని నిరూపించింది. ఆ తర్వాత ఇరవై ముప్ఫై ఏళ్లలో రాతి మీదున్నవాళ్లకు పేర్లు వచ్చాయి, యుద్ధాలు, పెళ్లిళ్లు, వంశాల పగలు బయటపడ్డాయి. గ్వాటెమాలా పెతెన్ అడవిని విమానం నుంచి లేజర్ కిరణాలతో కొలిచిన ఫలితాలు 2018లో బయటికొచ్చాయి. 2,100 చదరపు కిలోమీటర్లలో 60,000కు పైగా కట్టడాలు తేలాయి. అంతకుముందు రాసిన జనాభా అంచనాలన్నీ చిన్నవైపోయాయి.

కాబట్టి 1980కి ముందు రాసిన చరిత్ర పుస్తకం పాతపుస్తకాల కొట్లో చవగ్గా దొరికినా దాన్ని పట్టుకుని శిథిలాలకు వెళ్లకండి. మైకేల్ కో రాసిన "ది మాయా" 1966లో వచ్చింది, కొత్త కూర్పులు వస్తూనే ఉన్నాయి. కొంటే చివరి కూర్పే కొనండి. మొత్తం కథ ఒకసారి తెలుసుకోవాలనుకునేవాళ్లకు నేను ఇదే చెప్తాను.

రాజుల కథలు ఇష్టపడేవాళ్లకు సైమన్ మార్టిన్, నికొలాయ్ గ్రూబె రాసిన "క్రానికల్ ఆఫ్ ది మాయా కింగ్స్ అండ్ క్వీన్స్" బాగుంటుంది, రెండో కూర్పు 2008ది. పదకొండు రాజ్యాలకు పదకొండు అధ్యాయాలు. తికాల్ వెళ్తే తికాల్ అధ్యాయం, హోండురాస్‌లోని కోపాన్ వెళ్తే కోపాన్ అధ్యాయం చదువుకుంటే చాలు. ప్రయాణంలో ఎక్కువగా పనికొచ్చే పుస్తకం నా లెక్కలో ఇదే. ఒక్క లోటు ఉంది. చిచెన్ ఇట్జా, ఉష్మాల్‌లకు దీనిలో అధ్యాయాలు లేవు.

లోన్లీ ప్లానెట్, మూన్ లాంటి ట్రావెల్ గైడ్ పుస్తకాలు ఊళ్ల మధ్య దూరాలు, ఎక్కడ రెండు రాత్రులు ఉండాలి, ఏ రెండు స్థలాలు ఒకే రోజు కలిపి చూడొచ్చు అన్నవి తేల్చుకోవడానికి మంచివి. ధరలు, వేళలు మాత్రం వాటిలో చూడకండి, పుస్తకం అచ్చయ్యేసరికే మారిపోయి ఉంటాయి. లైబ్రరీలో తెచ్చుకుని ప్లాన్ వేసుకుని తిరిగిచ్చేస్తే సరిపోతుంది.

డబ్బు పెట్టకుండా దొరికేవి కూడా తక్కువేం కాదు. జాన్ లాయిడ్ స్టీఫెన్స్ అనే అమెరికన్, ఫ్రెడెరిక్ కేథర్‌వుడ్ అనే ఆంగ్ల చిత్రకారుడు 1839 నుంచి ఈ అడవుల్లో తిరిగారు. స్టీఫెన్స్ కోపాన్ శిథిలాలను 50 డాలర్లకు కొన్నాడు. వాళ్ల యాత్రా రచనలు ఇప్పుడు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితం. చరిత్ర కోసం కాకపోయినా ఆ రాళ్ల మీద వేళ్లు పెరిగి ఉన్నప్పటి రూపం కోసం కేథర్‌వుడ్ బొమ్మలు చూడాలి. ఇంకా లోతుకు వెళ్లాలనుకునేవాళ్లకు మెసోవెబ్, ఎఫ్.ఏ.ఎమ్.ఎస్.ఐ. సైట్లు ఉన్నాయి. మొదటిదాంట్లో పండితుల వ్యాసాలు, రెండోదాంట్లో మాయా కుండల మీది బొమ్మల ఫొటోలు వేల కొద్దీ దొరుకుతాయి. మిగిలిన నాలుగు మాయా చేతిరాత పుస్తకాల్లో ఒకటి జర్మనీలోని డ్రెస్డెన్ గ్రంథాలయంలో ఉంది. దాని పేజీలన్నీ ఆ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో చూడొచ్చు. 1562లో మనీ అనే ఊళ్లో దియెగో దె లాందా అనే క్రైస్తవ సన్యాసి అలాంటి పుస్తకాలు పోగేసి తగలబెట్టించాడు. ఆ సంగతి తెలిశాక ఆ పేజీలు చూస్తుంటే మనసు అదోలా అయిపోతుంది.

మయుడు, మాయా: వీడియోల విషయం

మన తెలుగువాళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. మయసభ కట్టిన మయుడే అమెరికా వెళ్లి మాయా నాగరికత స్థాపించాడని వాట్సాప్‌లో తిరిగే వీడియోలు మీకూ వచ్చే ఉంటాయి. మా పెద్దనాన్న ప్రయాణానికి ముందురోజు నాకు మూడు పంపారు. రెండు పేర్లు చెవికి ఒకేలా వినబడతాయి, అంతకుమించి సంబంధం ఏమీ లేదు. యూకతాన్ ప్రజలు తమ భాషను ఇప్పటికీ "మాయా త'ఆన్" అంటారు, ఆ మాట అక్కడిదే. పలెంకేలోని పకల్ రాజు సమాధి మీది బొమ్మను రాకెట్ నడుపుతున్న వ్యోమగామి అని చూపించేవీ ఇదే కోవకు చెందుతాయి. పకల్ 12 ఏళ్ల వయసులో 615లో పట్టానికొచ్చి 683లో చనిపోయాడు. ఆ మూతరాయి మీద ఉన్నది పాతాళం నోటి దగ్గర రాజు, అతని మీదుగా లేచిన లోకవృక్షం. చుట్టూ ఉన్న రాతలో తేదీలు, పేర్లు చదవగలుగుతున్నారు.

నాకు కోపం వచ్చేది ఎక్కడంటే, ఈ కథలన్నీ ఆ గుళ్లు కట్టినవాళ్ల చేతుల్లోంచి ఆ ఘనతను లాగేసుకుంటాయి. వాళ్ల వారసులు లక్షల సంఖ్యలో అక్కడే బతికి ఉన్నారు, ఆ భాషలే మాట్లాడుతున్నారు. మన గుళ్లను ఎవరో బయటివాళ్లు కట్టారని అంటే మనకెలా ఉంటుంది?

వీడియోలే చూడాలనుకుంటే ఏదైనా మ్యూజియంవో, విశ్వవిద్యాలయంవో ఉపన్యాసాలు వెతకండి. గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్‌లో బ్రిటిష్ మ్యూజియం వాళ్లు పెట్టిన మాయా విభాగం పిల్లలతో కూర్చుని చూడ్డానికి చాలా బాగుంది.

మ్యూజియం ముందా, శిథిలం ముందా?

చెక్కడాలు, పచ్చరాళ్లు, కుండలు చాలావరకు శిథిలాల్లో ఉండవు, మ్యూజియంలకు తీసుకెళ్లిపోయారు. పకల్ ముఖానికి తొడిగిన పచ్చరాతి ముసుగు మెక్సికో సిటీలోని జాతీయ మానవశాస్త్ర మ్యూజియంలో ఉంది. పలెంకేలో మీకు ఖాళీ గుడి మాత్రమే కనిపిస్తుంది. 1952లో అల్బెర్తో రుస్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఆ గుడి నేల కింద మెట్లదారిలో పూడ్చిన మట్టి, రాళ్లు సంవత్సరాల తరబడి తీయించి సమాధి చేరుకున్నాడు. అక్కడికి ఇప్పుడు మామూలు సందర్శకులను పంపరు. పలెంకే స్థలం దగ్గరున్న చిన్న మ్యూజియంలో ఆ రాతి పెట్టె నమూనా ఉంది. మధ్యాహ్నం ఎండ ముదిరాక అక్కడికి దిగండి, ఏసీ కూడా ఉంటుంది.

నా అనుభవంలో పిల్లలతో వెళ్లేవాళ్లకు శిథిలం ముందు, మ్యూజియం తర్వాత. గుడి చూశాక "దీనిలో దొరికింది ఇదే" అంటే వాళ్లకు ఎక్కుతుంది. చదువు మీద ఆసక్తి ఉన్న పెద్దవాళ్లకు తిరగేసి చెప్తాను. కోపాన్‌లో మాత్రం ఎవరైనా సరే మ్యూజియం కోసం కనీసం రెండు గంటలు ఉంచుకోండి. మట్టి కింద చెక్కుచెదరకుండా దొరికిన ఒక గుడికి పూర్తి పరిమాణంలో, అసలు రంగుల్లో నమూనా కట్టారు. ఎర్రటి ఎరుపు. మనం ఇన్నాళ్లూ తెల్లరాతి గుళ్లనుకున్నవి ఒకప్పుడు అలా ఉండేవని అక్కడ చూస్తేనే నమ్మకం కుదురుతుంది.

అసలు కొన్ని మంచి చెక్కడాలు మీరుండే ఊరి దగ్గరే ఉండొచ్చు. లండన్ తెలుగువాళ్లకు యాష్చిలాన్ 24వ ద్వారబంధం, అంటే గుమ్మం పైన అడ్డంగా పెట్టే చెక్కిన రాయి, బ్రిటిష్ మ్యూజియంలో ఉచితంగా చూడొచ్చు. రాణి మోకాళ్ల మీద కూర్చుని ముళ్ల తాడు నాలుక గుండా లాగుతూ ఉంటుంది, రాజు కాగడా పట్టుకుని నిలబడతాడు. ఆమె బట్ట మీది అల్లిక కూడా ఒక్కో గడీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. ఫిలడెల్ఫియా దగ్గరుంటే పెన్ మ్యూజియం ఉంది, తికాల్‌ను 1956 నుంచి 1970 వరకు తవ్వింది ఆ విశ్వవిద్యాలయం వాళ్లే. బోస్టన్ వైపైతే హార్వర్డ్ పీబాడీ మ్యూజియం. ప్రయాణానికి ముందు ఒక ఆదివారం వెళ్లి రండి.

గైడు

అన్నిటికంటే విలువైన ఖర్చు ఇదే అని నా గట్టి నమ్మకం. చిచెన్ ఇట్జా, ఉష్మాల్, పలెంకే, తికాల్ గేట్ల దగ్గర గైడులుంటారు. మెక్సికోలో ప్రభుత్వం ఇచ్చిన ఫొటో కార్డు మెడలో ఉన్నవాళ్లనే మాట్లాడుకోండి. ధర ఒక్కరికా, గుంపు మొత్తానికా, ఎన్ని గంటలు, ఇంగ్లిష్ ఎంతవరకు వచ్చు అన్నవి ముందే తేల్చుకోండి. గుంపుకి ఒకే ధరైతే పక్కన నిలబడిన మరో కుటుంబంతో కలిసిపోవచ్చు.

మంచి గైడుని గుర్తుపట్టడానికి నేను ఒక ప్రశ్న అడుగుతాను: "బంతి ఆటలో గెలిచినవాళ్లను బలిచ్చేవారా, ఓడినవాళ్లనా?" "గెలిచినవాళ్లనే, అదే వాళ్లకు గౌరవం" అని తడుముకోకుండా చెప్తే అది టూరిస్టుల కోసం కట్టిన కథ, అలా అనడానికి గట్టి ఆధారం లేదు. మా నాన్నకు చెక్కడం చూపించిన పెద్దాయన కాసేపు ఆలోచించి "తల తెగిందని రాయి చెప్తోంది. ఏ జట్టువాడో చెప్పడం లేదు" అన్నాడు. అప్పుడే ఆయన వెంట నడవాలని తేల్చుకున్నాం.

ఇంట్లో మాయా మాట్లాడే గైడు దొరికితే వదలకండి. మొక్కజొన్న చేలో ఇప్పటికీ వానదేవుడు చాక్‌కు ఏం పెడతారో, ఉష్మాల్ గోడల నిండా ఉన్న పొడుగు ముక్కు ముఖాలు ఆ చాక్‌వే అని ఎందుకంటారో వాళ్లు చెప్తే వేరుగా ఉంటుంది. ఉష్మాల్‌లో నది లేదు, సెనోటేలు లేవు. వాన నీళ్లు చుల్తూన్లు అనే నేల తొట్లలో పట్టుకుని బతికారు. అనంతపురంలో పెరిగిన మా అమ్మకు ఇది వేరే వివరించనక్కర్లేకపోయింది.

ఆడియో గైడు యాప్‌లు ఒంటరిగా తిరిగేవాళ్లకు ఫరవాలేదు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పవు, అదొక్కటే లోటు.

మీ ప్రయాణానికి ఏది?

అమెరికా నుంచి నాలుగు రోజులకు కాన్‌కూన్ వెళ్లే కుటుంబమైతే పుస్తకాలేమీ కొనకండి. ప్రభుత్వ సైటు, తాజా రివ్యూలు, వయ్యడోలిడ్‌లో ఒక రాత్రి, గేటు దగ్గర గైడు. ఇంతే. మిగిలిన సమయంలో కాన్‌కూన్ మాయా మ్యూజియం చూడొచ్చు, అదే టికెట్టుతో వెనకున్న సాన్ మిగెలితో శిథిలాలు కూడా. అమ్మానాన్నలు తోడుంటే చిచెన్ ఇట్జా చదునుగా ఉంటుంది, నడక సుళువే, కానీ నీడ తక్కువ. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్తే ఎండ భరించగలుగుతారు.

వారం పైన సమయం ఉండి ఒక్కసారే వెళ్లగలననుకునేవాళ్లు మెరిడాను మకాం చేసుకుని ఉష్మాల్, తర్వాత పలెంకే, యాష్చిలాన్ చూడాలి. రాజుల పుస్తకంలో పలెంకే, యాష్చిలాన్ అధ్యాయాలు రెండూ చదువుకుని వెళ్లండి. అడవి, కోతుల అరుపులు, ఎత్తైన గుళ్లు కావాలంటే తికాల్. ఫ్లోరెస్ ఊళ్లో దిగితే 65 కిలోమీటర్లే. ఇంగ్లిష్‌తోనే పని జరగాలంటే బెలీజ్, అక్కడ అధికార భాష అదే.

శాకాహారులకు ఏ గైడ్ పుస్తకమూ సరిగ్గా సాయం చేయలేదు, ప్రవాస భారతీయుల ఫేస్‌బుక్ గ్రూపులే నయం. నల్ల చిక్కుళ్ల కూర చూడ్డానికి శాకాహారమే కానీ చాలాచోట్ల దాన్లో మంతేకా వేస్తారు, అంటే పంది కొవ్వు. "సిన్ మంతేకా" అని అడగడం నేర్చుకోండి. అబనేరో మిరపకాయ పచ్చడి పక్కన పెడతారు. గుంటూరు కారం తిన్నవాళ్లమని ధైర్యంగా పెద్ద చెంచాడు వేసుకోకండి, ముందు చిటికెడు రుచి చూడండి.

ఆ గ్రూపుల్లో వీసా గురించి చెప్పే మాటలను మాత్రం నమ్మి టికెట్లు కొనకండి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు చెల్లుబాటులో ఉన్న అమెరికా, కెనడా, బ్రిటన్, జపాన్ లేదా షెంగెన్ వీసా ఉంటే మెక్సికోకి పర్యాటకులుగా వెళ్లడానికి వేరే వీసా అక్కర్లేదు, అమెరికా గ్రీన్ కార్డున్నా అక్కర్లేదు. కానీ వీసా స్టాంపు గడువు తీరిపోయి హెచ్1బి అప్రూవల్ కాగితం మాత్రమే చేతిలో ఉంటే అది సరిపోదు. గ్వాటెమాలా, బెలీజ్, హోండురాస్‌ల నియమాలు వేటికవే వేరు. ఆయా దేశాల రాయబార కార్యాలయాల పేజీలు చూసి, అవసరమైతే ఈమెయిల్ రాసి, జవాబు ప్రింటు తీసుకుని పాస్‌పోర్టులో పెట్టుకోండి.